అన్నా, పాత పార్టు ఏదీ?

మా బాబాయి ఏలూరులో కారు తిప్పుతాడు. పసుపు బోర్డు బండి. ఓనరూ ఆయనే, డ్రైవరూ ఆయనే. ఆ బండి తిరిగితే ఇల్లు తిరుగుతుంది, ఆగితే ఇల్లు ఆగుతుంది. అంతే లెక్క.

పోయిన వేసవి సెలవుల్లో నేను వాళ్లింట్లో ఉన్నాను. ఓ రోజు తెల్లవారుజామున బాబాయి ఒక కుటుంబాన్ని గన్నవరం ఎయిర్‌పోర్టుకి తీసుకెళ్తుంటే, హనుమాన్ జంక్షన్ దాటగానే బానెట్ కింద నుంచి ఆవిరి తన్నుకొచ్చింది. బండి పక్కకి తీసి ఆపేశాడు. పాసింజర్లని వేరే కారు ఎక్కించి పంపాడు. వాళ్ల దగ్గర డబ్బులు తీసుకోలేదు సరికదా, ఆ కారు కిరాయి కూడా ఈయనే ఇచ్చాడు.

అంతకు పది రోజుల ముందే, మా ఊళ్లోనే ఒక గ్యారేజీలో ఆ బండికి వాటర్ పంపు మార్పించాడు. రూ. 6,400 అయింది. బిల్లు ఏదీ అంటే, నోటు పుస్తకంలోంచి చింపిన కాగితం. దాని మీద "పంపు, కూలెంటు, లేబరు – 6400" అని ఉంది. తేదీ లేదు, బండి నంబరు లేదు, గ్యారేజీ పేరు కూడా లేదు.

గ్యారేజీ ఓనరుకి ఫోన్ చేస్తే, "పాత బండి కదండీ, ఇవాళ పంపు పోతుంది, రేపు గ్యాస్కెట్టు పోతుంది. మాకేం సంబంధం?" అన్నాడు. వేరే మెకానిక్ చూసి రూ. 31,500 అవుతుందన్నాడు. బాబాయి ఓ నిట్టూర్పు విడిచి, "పోనీలేరా, ఊళ్లో వాళ్లతో గొడవెందుకు" అన్నాడు. చెల్లి ఇంటర్ ఫీజుకని పక్కన పెట్టిన డబ్బు ఇంజిన్లోకి పోబోతోందని పిన్ని మొహం చూస్తేనే తెలిసిపోయింది.

"మెకానికల్ చదువుతున్నావు కదా, నువ్వేమన్నా చెప్పగలవేమో చూడరా" అంది పిన్ని. అలా నేను మొదటిసారి చట్టం చదివాను. అప్పుడు నాకు అర్థమైంది ఒకటే. చట్టం మన వైపే ఉంది, కానీ చట్టానికి ఇంజిను కనిపించదు. కాగితమే కనిపిస్తుంది. ఈ వ్యాసం ఆ కాగితం గురించి.

ఇంతకీ ఇంజిన్లో ఏమైంది?

పంపు మార్చినప్పుడు దానికి తగిలించిన రబ్బరు పైపు క్లిప్పు సరిగ్గా బిగించలేదు. కొన్ని రోజులు పట్టుకుంది. తర్వాత వేడికీ ఒత్తిడికీ మెల్లగా జరిగి, ఆ రోజు హైవే మీద ఊడిపోయింది. కూలెంటు మొత్తం రోడ్డు పాలు. ఇంజిను వేడెక్కి హెడ్డు కాస్త వంగింది, గ్యాస్కెట్టు పోయింది.

ఇక్కడో చిన్న విషయం. ఉష్ణోగ్రత కొలిచే సెన్సారు కూలెంటులో మునిగి ఉంటేనే సరిగ్గా చెబుతుంది. కూలెంటంతా ఒక్కసారిగా పోతే అది గాలిలో ఉంటుంది, ముల్లు వెంటనే పైకి లేవకపోవచ్చు. అందుకే బాబాయికి ముందు ఆవిరే కనిపించింది. ఇది ఎందుకు చెబుతున్నానంటే, ఇలాంటి ప్రతి గొడవలో అవతలివాళ్లు మొదట అనే మాట "వేడెక్కిన బండిని మీరే తోలారు" అని. నిజంగా అలా తోలితే ఆ తప్పులో మన వాటా ఉన్నట్టే. కాబట్టి మొదటి నియమం: తేడా కనిపించగానే బండి ఆపాలి. ఎంత అర్జెంటైనా సరే.

ఇన్సూరెన్సు ఇస్తుంది కదా అని ఎవరో అన్నారు. మామూలు మోటారు పాలసీలు యాక్సిడెంటుకి పనికొస్తాయి కానీ, ఇలా యంత్రం లోపల చెడిపోతే ఇవ్వవు. కాబట్టి ఆ దారి మూసుకుపోయింది. మిగిలింది వినియోగదారుల చట్టం.

బాబాయి వినియోగదారుడేనా?

ఇప్పుడు నడుస్తున్నది 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం. 1986 నాటి పాత చట్టం స్థానంలో ఇది 2020 జులై నుంచి అమల్లోకి వచ్చింది. డబ్బిచ్చి, లేదా ఇస్తానని ఒప్పుకుని, సేవ పొందినవాడు వినియోగదారుడు. గ్యారేజీ రిపేరు కూడా సేవే. స్నేహితుడు ఊరికే చేసిపెట్టిన పని మాత్రం దీని కిందికి రాదు.

కానీ నాకో అనుమానం వచ్చింది. వ్యాపారం కోసం పొందిన సేవకి ఈ చట్టం వర్తించదని అందులోనే ఉంది. బాబాయిది టాక్సీ. మరి వ్యాపారం కాదా?

దానికి జవాబు కూడా అదే సెక్షను కింద వివరణలో దొరికింది. మనిషి కేవలం తన పొట్ట పోసుకోవడానికి, స్వయం ఉపాధి కోసం వాడుకుంటే దాన్ని వ్యాపార ప్రయోజనం అనరు. పది కార్లు కొని డ్రైవర్లను పెట్టి తిప్పే ట్రావెల్స్ యజమాని సంగతి వేరు. ఒక్క కారు కొనుక్కుని తనే తోలుకునే బాబాయి వినియోగదారుడే. ఆటో నడిపేవాళ్లకీ, సొంత బండి మీద డెలివరీలు చేసే మన సీనియర్లకీ ఇదే వర్తిస్తుంది. ఈ ఒక్క వాక్యం చదివాక బాబాయి మొదటిసారి కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చున్నాడు.

లోపం అంటే ఏమిటి?

చట్టంలో మాట "సేవా లోపం". పని నాణ్యతలో గానీ, చేసిన తీరులో గానీ తప్పు, కొరత ఉంటే అది లోపం. నిర్లక్ష్యం వల్ల నష్టం జరిగినా లోపమే. మనకి చెప్పాల్సిన విషయాన్ని కావాలని దాచినా లోపమే. క్లిప్పు బిగించకపోవడం నిర్లక్ష్యం. పైపు పగుళ్లిచ్చిందని తెలిసీ చెప్పకుండా పంపు మాత్రం మార్చి పంపిస్తే, అది దాచడం.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. బిల్లు ఇవ్వకపోవడం కూడా ఈ చట్టం ప్రకారం "అనుచిత వ్యాపార పద్ధతి". అంటే బిల్లు అడగడం మన గొంతెమ్మ కోరిక కాదు, ఇవ్వకపోవడం వాళ్ల తప్పు. అలాగే లోపమున్న సేవకి డబ్బు తిరిగి ఇవ్వనని మొండికేయడం కూడా అదే కోవలోకి వస్తుంది. బిల్లు మీద గడువు రాసి ఉంటే ఆ గడువులోపు, లేకపోతే 30 రోజుల్లోపు ఇవ్వాలి.

అలాగని ప్రతి చెడిపోవడమూ లోపం కాదు. ఇవాళ బ్రేకులు చేయించి, వచ్చే నెల ఏసీ పోతే గ్యారేజీని పట్టుకోలేం. చేసిన పనికీ, జరిగిన నష్టానికీ మధ్య దారం కనిపించాలి. ఆ దారాన్ని చూపించాల్సింది మనమే. లోపం ఉందని రుజువు చేసే బాధ్యత ఫిర్యాదు చేసినవాళ్లదేనని సుప్రీంకోర్టు 2021లో ఒక తీర్పులో స్పష్టంగా చెప్పింది. ఆవేశం రుజువు కాదు.

ఫిర్యాదు అంటే ల్యాబ్ రికార్డే

రుజువు అనగానే భయపడ్డాం గానీ, మనం నాలుగేళ్లు చేసే పని అదే కదా! ల్యాబులో ఏం చేస్తాం? ముందు పరిస్థితి రాస్తాం, చేసింది రాస్తాం, చూసింది రాస్తాం, ఫలితం రాస్తాం. "ఈ మెషీను వేస్టు" అని రికార్డులో రాస్తే సార్ సంతకం పెట్టరు. కమిషన్ కూడా పెట్టదు.

బండి టోయింగ్ చేసి ఏలూరు తీసుకొచ్చాక, రెండో మెకానిక్ స్పానరు తీసి విప్పబోతుంటే, "ఆగన్నా, ఒక్క నిమిషం" అన్నాను. మొత్తం వ్యవహారంలో నేను చేసిన తెలివైన పని అదొక్కటే. విప్పేస్తే సాక్ష్యం పోతుంది. ముందు మేం ఇవి చేశాం.

కిలోమీటర్ల మీటరు ఫోటో తీశాం. ఊడిన పైపు, వదులుగా ఉన్న క్లిప్పు ఎక్కడున్నాయో అక్కడే, బండి నంబరు కనబడేలా వీడియో తీశాం. మొదటి గ్యారేజీ ఓనరుకి వాట్సాప్‌లో మెసేజ్ పెట్టాం: "మీరు పంపు మార్చిన బండి ఫలానా చోట ఆగింది. పైపు ఊడి ఉంది. విప్పకుండా ఉంచాం. రేపు సాయంత్రం లోపు వచ్చి చూడండి. రాకపోతే వేరే చోట పని మొదలుపెడతాం." రెండు నీలం టిక్కులు పడ్డాయి. మనిషి రాలేదు. రాకపోయినా పర్లేదు, మనం అవకాశం ఇచ్చామన్నది రికార్డయింది.

తర్వాత రెండో మెకానిక్ చేత ఒక కాగితం రాయించాం. మొదట ఆయన "తోటి మెకానిక్ మీద నేను రాయను బాబూ" అన్నాడు. నిజమే, అదే వీధిలో రోజూ మొహాలు చూసుకోవాలి. "ఎవరి తప్పో రాయొద్దన్నా, నువ్వు చూసింది రాయి చాలు" అన్నాను. ఆయన రాశాడు: "పంపు దగ్గర పైపు ఊడి ఉంది. క్లిప్పు వదులుగా ఉంది. పైపు చిరగలేదు. కూలెంటు లేదు. హెడ్డు లేత్‌కి పంపాలి." తేదీ, సంతకం, షాపు ముద్ర. పైపు చిరగలేదన్న ఆ రెండు మాటలే మా కేసుకి వెన్నెముక. చిరిగి ఉంటే పాతబడి పోయిందనేవాళ్లు. చిరగకుండా ఊడిందంటే బిగించలేదనే.

మరి మొదటి రిపేరు అక్కడే జరిగిందని రుజువేదీ? పిన్ని ఫోన్లో దొరికింది. డబ్బులు ఆమే యూపీఐలో ఓనరు నంబరుకి పంపింది. తేదీతో సహా రూ. 6,400. పైగా గ్యారేజీ కుర్రాడు పాత పంపు ఫోటో తీసి, "అన్నా పంపు పోయింది, మార్చేస్తున్నాం" అని బాబాయికి వాయిస్ మెసేజ్ పెట్టాడు. చిరుగు కాగితానికి ఒక్కసారిగా ప్రాణం వచ్చింది. బాబాయి అన్నీ డిలీట్ చేసే రకం కాదు కాబట్టి బతికిపోయాం. మీరు కూడా ఫోన్ మెమరీ నిండిందని ఇలాంటివి తుడిచేయకండి.

బండి ఆగిన రోజుల నష్టం కూడా అడగొచ్చు, కానీ అంకె గాల్లోంచి రాకూడదు. బాబాయి ట్రిప్పులన్నీ ఒక చిన్న డైరీలో రాసుకుంటాడు. డీజిల్ పోను రోజుకి సగటున రూ. 1,400 మిగులుతోందని దాన్నిబట్టి తేలింది. బండి ఆగింది 12 రోజులు. మొత్తం రూ. 16,800.

"డబ్బు కడితేనే బండి ఇస్తాం" అంటే?

మాకు ఈ సమస్య రాలేదు గానీ, చాలామందికి వచ్చేది ఇదే. పని బాగాలేదని గొడవ పడితే గ్యారేజీవాళ్లు తాళాలు ఇవ్వరు. వాళ్లకి ఆ హక్కు ఉందా? కొంతవరకు ఉంది. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 170వ సెక్షను ప్రకారం, ఒక వస్తువు మీద శ్రమ, నైపుణ్యం పెట్టి పని చేసినవాడు తన కూలీ వచ్చేదాకా దాన్ని తన దగ్గర ఉంచుకోవచ్చు. ఆ చట్టంలో ఇచ్చిన ఉదాహరణలు వజ్రాన్ని సానబెట్టే నగల వర్తకుడు, కోటు కుట్టే దర్జీ. కారు మెకానిక్ వాళ్ల వారసుడే.

అయితే ఆ హక్కు ఆ పని తాలూకు న్యాయమైన కూలీకే. వేరే ఒప్పందం లేకపోతే, "మీ అన్నయ్య పాత బాకీ ఉంది" అని మీ బండి ఆపడానికి లేదు. గోడ దూకి బండి తెచ్చుకోవడం మాత్రం మనకి మంచిది కాదు. డబ్బు కట్టి, బిల్లు మీద "అభ్యంతరంతో చెల్లిస్తున్నాను" అని రాసి, అదే మాట మెసేజ్ కూడా పెట్టి బండి తెచ్చుకోండి. డబ్బు కట్టినంత మాత్రాన ప్రశ్నించే హక్కు పోదు.

అలాగే గోడ మీద "వాహనాలకు యజమానులదే బాధ్యత" అని బోర్డు ఉంటుంది చూడండి. బోర్డు పెట్టినంత మాత్రాన చేతులు దులుపుకోవడం కుదరదు. మన బండి వాళ్ల చేతికిచ్చాక దాన్ని జాగ్రత్తగా చూసుకోవడం వాళ్ల బాధ్యతని అదే కాంట్రాక్టు చట్టం 151వ సెక్షను చెబుతుంది. ఢిల్లీలో ఒక పెద్ద హోటల్ పార్కింగులో కారు పోయిన కేసులో, రసీదు మీద "ఓనరుదే బాధ్యత" అని రాసుకున్నంత మాత్రాన సొంత నిర్లక్ష్యం నుంచి తప్పించుకోలేరని సుప్రీంకోర్టు 2019లో తేల్చింది.

ఎక్కడికి వెళ్లాలి?

మొదటి మెట్టు ఫోన్. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915. తెలుగులో మాట్లాడవచ్చు. వాళ్లు తీర్పు చెప్పరు, కానీ ఫిర్యాదు నమోదు చేసి అవతలివాళ్లకి పంపుతారు. పెద్ద కంపెనీల సర్వీస్ సెంటర్ల విషయంలో ఒక్కోసారి ఇక్కడే పని అయిపోతుంది. చిన్న గ్యారేజీ అయితే రెండో మెట్టు ఎక్కాల్సి రావచ్చు.

రెండో మెట్టు నోటీసు. తెల్లకాగితం మీద మనమే రాయొచ్చు. ఏం జరిగింది, ఏం కావాలి, ఎన్ని రోజుల్లో కావాలి. స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోవాలి.

మూడో మెట్టు జిల్లా వినియోగదారుల కమిషన్. మనవాళ్లు ఇంకా ఫోరం అనే అంటారు. ఇక్కడ తెలుసుకోవాల్సినవి ఇవి. సేవకి మనం చెల్లించిన మొత్తం రూ. 50 లక్షల దాకా అయితే జిల్లా కమిషనే వింటుంది. రూ. 5 లక్షల దాకా ఫీజు ఒక్క రూపాయి కూడా లేదు. లాయరు తప్పనిసరి కాదు, మన కేసు మనమే చెప్పుకోవచ్చు. సమస్య మొదలైన రోజు నుంచి రెండేళ్లలోపు వెయ్యాలి. 2019 చట్టంలో వచ్చిన మంచి మార్పు ఏమిటంటే, మనం ఉండే చోటే కేసు వెయ్యొచ్చు. విహారయాత్రలో అరకులో బైకు పాడుచేసినవాడి మీద వరంగల్ కుర్రాడు వరంగల్‌లోనే వేసుకోవచ్చు. ఆన్‌లైన్లో ఇ-జాగృతి పోర్టల్ ద్వారా కూడా దాఖలు చేయొచ్చు.

కేసు తీసుకున్నాక అవతలివాళ్లకి జవాబుకి 30 రోజులు, మరీ అయితే ఇంకో 15 రోజులు ఇస్తారు. అంతకు మించి ఇవ్వకూడదని 2020లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. మూడు నెలల్లో, ల్యాబ్ పరీక్ష అవసరమైతే ఐదు నెలల్లో తేల్చాలని చట్టం అంటుంది. నిజంలో అంతకంటే ఎక్కువే పట్టొచ్చు, ఆ ఓపికతోనే దిగాలి. మధ్యలో ఇద్దరూ ఒప్పుకుంటే మీడియేషన్‌కి పంపుతారు. గెలిస్తే డబ్బు వాపసు, నష్టపరిహారం, ఖర్చులు ఇప్పించవచ్చు. ఆ ఆదేశాన్ని ధిక్కరిస్తే జైలు శిక్ష దాకా ఉంది.

చివరికి ఏమైంది?

మా కథ కమిషన్ దాకా వెళ్లలేదు. నోటీసు అందిన ఆరో రోజు గ్యారేజీ ఓనరే ఇంటికొచ్చాడు. మొదట గట్టిగానే మాట్లాడాడు. ఫోటోలు, రెండో మెకానిక్ కాగితం, యూపీఐ రసీదు వరసగా టేబుల్ మీద పెట్టాక గొంతు తగ్గింది. "కొత్త కుర్రాడండీ, వాడు బిగించాడు. నేను చూసుకోలేదు" అన్నాడు.

నేను మనసులో మార్కులు వేసుకుంటుంటే, బాబాయి అడిగిన మొదటి మాట ఇది: "కుర్రాణ్ణి పనిలోంచి తీసేశారా?" తీసేయలేదన్నాడు. "తీయకండి. వాడికి చూపించండి" అన్నాడు బాబాయి. చట్టం కూడా అదే అంటుంది, ఇంకో భాషలో. పనివాడు డ్యూటీలో చేసిన తప్పుకి మనకి జవాబు చెప్పాల్సింది యజమాని.

రిపేరు మొత్తం రూ. 29,800 అయింది. అందులో రూ. 22,000 రెండు విడతల్లో ఇస్తానని కాగితం మీద రాసి సంతకం పెట్టాడు, ఇచ్చాడు. ఆగిన 12 రోజుల నష్టం మేం వదులుకున్నాం. కమిషన్‌కి వెళ్తే అదీ వచ్చేదేమో. కానీ కమిషన్‌కి తిరిగే ప్రతి వాయిదా బాబాయికి ఇంకో కిరాయి పోయే రోజు. ఆ లెక్క ఆయన వేసుకున్నాడు, అది ఆయన హక్కు. రాజీ పడటం వేరు, పోనీలే అని వదిలేయడం వేరు. చెల్లి ఫీజు కాస్త ఆలస్యంగా అయినా కట్టారు.

మీ బండి ఇచ్చేముందు

కారే కానక్కర్లేదు, హాస్టల్ బయట మెకానిక్‌కి ఇచ్చే మన బైకులకీ ఇదే. పెద్ద కష్టమేం లేదు, రెండు నిమిషాల పని.

– సమస్య ఏమిటో, మీటరు ఎంత ఉందో, ఎంత అవుతుందన్నాడో ఒక మెసేజ్‌లో పెట్టండి. జాబ్ కార్డు ఇస్తే తీసుకోండి.
– "అదనంగా ఏ పని చేసినా ముందు అడగండన్నా" అని అందులోనే రాయండి.
– మార్చిన పాత పార్టు, కొత్త పార్టు డబ్బా అడిగి తీసుకోండి.
– బిల్లు మీద తేదీ, బండి నంబరు ఉండేలా చూడండి. డబ్బు వీలైతే యూపీఐలో కట్టండి.
– తేడా వస్తే ఆపండి, ఫోటో తీయండి, రాసి చెప్పండి. ఆ తర్వాతే విప్పించండి.

ఇలా అడిగితే మెకానిక్ మనల్ని అనుమానించాడనుకుంటాడేమోనని మొహమాటపడతాం. నిజానికి మంచి మెకానిక్‌కి ఆ కాగితం రక్షణే. రేపు ఎవడైనా అబద్ధపు ఫిర్యాదు చేస్తే ఆయన్ని కాపాడేదీ అదే.

మొన్న సంక్రాంతికి ఏలూరు వెళ్లినప్పుడు చూశాను. బాబాయి బండికి బ్రేకు లైనర్లు మార్పిస్తున్నాడు, అదే గ్యారేజీలో. ఆ కుర్రాడే కింద పడుకుని బోల్టులు బిగిస్తున్నాడు. పని అయ్యాక ఓనరు డబ్బులకోసం చెయ్యి చాపితే, బాబాయి తన చెయ్యి కూడా చాపాడు.

"ముందు బిల్లు. తర్వాత, అన్నా, పాత పార్టు ఏదీ?"